పెట్టెలో మా తాత చెయ్యి

మా తాతకి ఒక తమ్ముడున్నాడు. ఆ తమ్ముడు తాతకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇదేం లెక్కని అడిగితే తాత నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసేవాడు.

"సంఘంలో నేను ముందు చేరాను. వాడు తర్వాత చేరాడు. ముందు చేరినవాడు అన్న, తర్వాత చేరినవాడు తమ్ముడు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

ఎంత ముందు చేరాడంటే ఇరవై నిమిషాలు. ఒకే సాయంత్రం ఇద్దరి పేర్లూ సభ ముందుకు వచ్చాయి, తాత పేరు పైనుంది, అంతే. ఆ ఇరవై నిమిషాల పెద్దరికాన్ని నలభై ఆరేళ్ళు వాడుకున్నాడు మా తాత. ఆ తమ్ముడు మా వీధి మలుపులో గడియారాలు బాగుచేస్తాడు. నేను గడియారం తాత అంటాను. నెత్తిమీద ఒక్క నల్లవెంట్రుక లేని మనిషి మా గుమ్మంలో నిలబడి "అన్నా, ఉన్నావా?" అని పిలుస్తుంటే, లోపలినుంచి మా తాత "రా తమ్ముడూ" అని దర్జాగా గొంతు సవరించుకునేవాడు. అమ్మమ్మ వంటింట్లోంచి, "ఇరవై నిమిషాల జమీందారు" అని గొణిగేది.

సంఘం పూర్తి పేరు సహాయ సోదర సంఘం. దానికో మేడ ఉంది. పైన సభ జరిగే గది, కింద సామాన్ల గది. చక్రాల కుర్చీలు పదకొండు, మడత మంచాలు ఆరు, చంకకర్రలు లెక్కలేనన్ని, ముసలివాళ్ళు పట్టుకు నడిచే చట్రాలు, వీపు పుండ్లు పడకుండా వేసే నీళ్ళ పరుపు ఒకటి. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డా వచ్చి అడిగి పట్టుకెళ్ళడమే. కాగితం లేదు, పూచీ లేదు. మనిషి లేచి తిరిగితేనో, ఇక లేవడని తేలిపోతేనో తెచ్చి ఇచ్చేస్తారు. విరిగినవి సభ్యులే బాగుచేస్తారు. అంతేకాదు, రోగి దగ్గర వంతులవారీగా ఒక పూట కూర్చుంటారు, ఇంటివాళ్ళు స్నానానికీ బజారుకీ పోయి రావడానికి. మా తాత వంతు వచ్చినప్పుడు రోగులు త్వరగా కోలుకునేవారని అమ్మమ్మ అంటుంది. తాత కబుర్లు భరించలేక లేచి నడిచేవారట.

తాత పని ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో. అచ్చులోంచి తీసిన సామాను అంచులు గరగరలాడుతూ ఉంటాయి, వాటిని చేతి గ్రైండరుతో నునుపు చెయ్యాలి. ముప్పై నాలుగేళ్ళు అదే పని. ఇంటికి వచ్చాక కూడా చేతులు గంటసేపు వణుకుతూ ఉండేవని, అన్నం ముద్ద నోటికి వెళ్ళకుండా ముక్కుకి వెళ్ళేదని అమ్మమ్మ చెబుతుంది. నన్ను పెంచింది వాళ్ళిద్దరే. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి బట్టలు కుట్టే షాపులో చేరాను. తాత నన్ను "ఎనిమిదో తరగతి మేధావి" అనేవాడు. అయిదుతో ఆపినవాడికి ఆ మాత్రం అసూయ ఉంటుంది, నేను పట్టించుకోలేదు. సంఘం కుర్చీలకి సీటు గుడ్డలు, వీపు గుడ్డలు కుట్టేది నేనే. అందుకే ఆ మేడ లోగుట్టు నాకు తెలుసు.

పైగది గోడల నిండా పోయిన సభ్యుల ఫోటోలు. సంఘంలో ఒకప్పుడు నూట నలభై మంది. సభ రోజున కుర్చీలు చాలక మెట్లమీద కూర్చునేవారట. తర్వాత ఒక్కొక్కరూ గోడెక్కారు, కింద కుర్చీలు ఖాళీ అయ్యాయి. కొత్తవాళ్ళు రాలేదు. తాత కనపడ్డ ప్రతి యువకుణ్ణీ పట్టుకుని అడిగేవాడు. "డబ్బు కావాలంటే ఫోన్లో పంపేస్తాంగా పెద్దాయనా, మళ్ళీ మీటింగులెందుకు?" అనేవారు. మా మామయ్యనే ఒకసారి లాక్కెళ్ళాడు. మామయ్య పోయిన నెల సభ వివరాలు చదువుతుండగానే గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేపి అడిగితే, "నాన్నా, నేను మంచాన పడితే మీ కుర్చీ తీసుకుంటాలే, కాళ్ళాడినంతకాలం వదిలెయ్" అన్నాడు.

పోయినేడాది కాంపౌండరు తాత పోయాడు. ఏడుగురు ఆరుగురయ్యారు. సంఘం పుట్టినప్పటి నిబంధన ఒకటుంది: సభ్యులు ఏడుగురికంటే తగ్గితే ఏడాదిలోగా ఏడోమనిషిని చేర్చుకోవాలి, లేకపోతే సంఘం మూసి మేడా సామానూ ప్రభుత్వ ఆసుపత్రికి అప్పజెప్పాలి. ఆ రోజు తాత ఇంటికి వచ్చి కూర్చుని, చెప్పులు కూడా విప్పలేదు.

"ఒక్కడు చాలే," అన్నాడు. "ఊళ్ళో ఒక్కడు దొరకడా?"

ఒక్కడు కాదు, ఇద్దరు దొరికారు. ఇక్కడే పెట్టె సంగతి చెప్పాలి.

కొత్తవాణ్ణి చేర్చుకోవాలా వద్దా అన్నది పెట్టె తేలుస్తుంది. అది మూడు పక్కల చెక్క, ముందు వైపు నల్లగుడ్డ. గుడ్డలోంచి మోచేతిదాకా చెయ్యి పెట్టాలి. లోపల ఒక గిన్నెలో శనగగింజంత చెక్కపూసలుంటాయి, రెండు రకాలు కలిపి. గుండ్రంవి, నాలుగు పలకలవి. గుండ్రపూస అంటే రానివ్వమని. పలకపూస అంటే వద్దని. చేత్తో తడిమి ఒకటి ఏరి, పక్కనున్న కన్నంలో వెయ్యాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. అందరూ వేశాక కార్యదర్శి సొరుగు తీసి పళ్ళెంలో ఒంపుతాడు. ఒక్క పలకపూస ఉన్నా ఆ మనిషి రాకూడదు, ఏడాదిదాకా మళ్ళీ అడగకూడదు. ఎవరు వేశారని అడగడం తప్పు. నేను ఫలానాది వేశానని చెప్పడం ఇంకా పెద్ద తప్పు.

"రంగు పూసలు పెట్టుకుని కళ్ళతో చూసి వెయ్యొచ్చుగా?" అని నేను చిన్నప్పుడు అడిగాను.

"సంఘం పెట్టినవాళ్ళందరూ చేతిపనివాళ్ళే. చేతికంటే నమ్మకమైనది ఏముందే వాళ్ళకి?" అన్నాడు తాత. చాలా గొప్పగా అన్నాడు.

మొదట వచ్చింది అంబులెన్సు డ్రైవరు. నలభై ఏళ్ళ మనిషి, నవ్వు మొహం, మా కుర్చీలు సగం ఇళ్ళకి మోసింది అతనే. నేను కింద గదిలో సీటు గుడ్డ కుడుతున్నాను. పైన గలగలమని పూసలు పళ్ళెంలో పడ్డ చప్పుడు. అయిదు గుండ్రాలు, ఒక పలక. డ్రైవరు మెట్లు దిగుతూ, "ఏం చేశానమ్మా నేను?" అని నన్నే అడిగాడు.

ఆర్నెల్లకి కళ్ళజోళ్ళ షాపతను వచ్చాడు. ముసలివాళ్ళందరికీ ఉచితంగా అద్దాలు మార్చినవాడు. మళ్ళీ అయిదు గుండ్రాలు, ఒక పలక.

మా తాత మనసులో దొంగ అప్పటికే దొరికిపోయాడు. అంబులెన్సు వెనక్కి తీస్తూ డ్రైవరు ఒకసారి గడియారం తాత షాపు షట్టరు వంచేశాడు. కళ్ళజోళ్ళతను తన షాపులో గోడగడియారాలు కూడా అమ్మడం మొదలెట్టాడు. ఇంకేం కావాలి? తాత ఇంట్లో పళ్ళు నూరుతూ తిరిగాడు. "వాడే. వాడు తప్ప ఎవడూ కాదు. పగబట్టి సంఘం గొంతు నులుముతున్నాడు."

"అడగకూడదు కదా తాతా?"

"అడగను. అడక్కుండానే చెబుతా."

చెప్పాడు కూడా. తర్వాతి సభ రోజున, మేడ మెట్లమీద, మిగతా నలుగురూ వింటుండగా. నేను కింద సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

"తమ్ముడూ, జీవితమంతా చిన్న చిన్న చక్రాలు చూసి చూసి నీ మనసు కూడా అంతే అయిపోయిందిరా."

గడియారం తాత రెండు మెట్లు దిగి ఆగాడు. ఆయన నెమ్మదైన మనిషి, గట్టిగా మాట్లాడితే గడియారం ముళ్ళు కదులుతాయన్నట్టు మాట్లాడతాడు. "నాకు ఒక మాట చెప్పాలని ఉంది. నిబంధన ఒప్పుకోదు. మీరు పెద్దవారు, మీకు తెలుసు," అన్నాడు.

మీరు. నలభై ఆరేళ్ళలో మొదటిసారి. తాత ఆ రోజు టీ తాగలేదు. "మీరట! నన్ను మీరంటాడా!" అని సాయంత్రందాకా ఆ ఒక్కమాటే నమిలాడు. తను అన్నది మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు మహానుభావుడికి.

అసలు సంగతి నాకు టీ గ్లాసు దగ్గర తెలిసింది. మరిగిన టీ పోసిన స్టీలు గ్లాసుని తాత ఉత్తచేత్తో పట్టుకుని కబుర్లు చెబుతున్నాడు. అదే గ్లాసు నేను అందుకోబోయి చెయ్యి కాల్చుకున్నాను.

"నీకు కాలట్లేదా?"

"ఇవి గ్రైండరు చేతులే. మీలా దూది చేతులు కాదు."

అమ్మమ్మ నవ్వింది. "ఈ మధ్య చొక్కా గుండీలు అద్దంలో చూసుకుంటూ పెట్టుకుంటున్నాడే. గంట పడుతోంది. ముసలితనంలో సోకులు."

నేను నవ్వలేదు. కుట్టుషాపులో పనిచేసేదానికి గుండీ అంటే ఏమిటో తెలుసు. గుండీని ఎవరూ కళ్ళతో పెట్టుకోరు.

మర్నాడు సెలవు. షాపు గుండీల డబ్బాలోంచి చెక్కపూసలు కొన్ని తీశాను, రబ్బరుని అదే కొలతకి నాలుగు పలకల ముక్కలుగా కోశాను, అన్నీ గుడ్డసంచిలో వేశాను. "తాతా, ఆట. చూడకుండా గుండ్రంవి ఏరు. పదికి పదీ ఏరితే వారం రోజులు నీ కాళ్ళు పడతా."

"అయిదు నిమిషాల్లో పడతావు," అని సంచిలో చెయ్యి పెట్టాడు.

మొదటిది పలక. రెండోది గుండ్రం. మూడోది పలక. నాలుగోది పలక. నవ్వుతూ మొదలెట్టినవాడు అయిదోదానికి నవ్వు ఆపాడు. పదికి ఆరు తప్పు.

"సంచి ఇరుగ్గా ఉంది. ఇంకోసారి."

ఇంకోసారి అయిదు తప్పు. చెయ్యి బయటికి తీసి, తన చెయ్యిని పక్కింటివాడి చెయ్యి చూసినట్టు చూశాడు. వేళ్ళ కొసలు తెల్లగా, మైనం పూసినట్టున్నాయి. నేను సూది తెచ్చి, అటు తిరగమని, చూపుడువేలికి గుచ్చాను. అలాగే గోడవైపు చూస్తూ, "కానీ మరి, గుచ్చు," అన్నాడు. అప్పటికే గుచ్చేశాను.

వేళ్ళు మొహం దగ్గరికి తెచ్చుకుని, "ఆ ఇద్దరికీ నేను గుండ్రమే వేశానే," అన్నాడు. నాతో అనలేదు, వేళ్ళతో అన్నాడు.

"తాతా, వెళ్ళి చెప్పెయ్. నీకు వెలుతురులో చూసి వేసే ఏర్పాటు చేస్తారు. ఆ ఇద్దర్నీ మళ్ళీ పిలుస్తారు."

"పిలవరు. ఏడాది ఆగాలి. గడువు రెండు నెలలే ఉంది." సంచి పక్కకి తోసి, "వాడి ముందు నిలబడి నేనే దొంగనని చెప్పమంటావా? మెట్లమీద అన్ని మాటలన్నాక?" అన్నాడు.

"అనేటప్పుడు లేదా సిగ్గు?"

"నీ నోరు కుట్టెయ్యి ముందు. ఎవరికైనా చెప్పావో, నేను నీకు తాతని కాను, నువ్వు నాకు మనవరాలివి కావు."

నేను నోరు కుట్టేసుకున్నాను. ఇవాళ్టికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపించే పని అది. అదే రోజు వీధి మలుపుదాకా నడిచి గడియారం తాతకి ఒక్కమాట చెప్పుంటే ఈ కథ ఇక్కడ ఆగిపోయేది. తాత పరువు కాపాడుతున్నాననుకున్నాను.

నెలన్నర గడిచాక గడియారం తాతే మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, "అన్నా" అని పిలవలేదు. తాతని కాక నన్ను చూస్తూ మాట్లాడాడు.

"అమ్మాయీ, నీ పేరు నేను సభకి పెడదామనుకుంటున్నాను. కుర్చీలకి గుడ్డలు కుట్టేది నువ్వు. సామాను ఎక్కడుందో మాకంటే నీకే తెలుసు. ఆడవాళ్ళు రాకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. రాయడం మర్చిపోయారో, అవసరం రాదనుకున్నారో. ఒప్పుకుంటావా?"

నేను తాతవైపు చూశాను. తాత పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"ఒప్పుకుంటా," అన్నాను.

ఆయన వెళ్ళాక అమ్మమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఆగండి, ఇది సంఘంలో చేరితే మీకు చెల్లెలవుతుందిగా? అంటే నాకు ఆడపడుచు! నాకున్న నలుగురూ చాలలేదా, అయిదోది మనవరాలి రూపంలో రావాలా?"

"అవును వదినా, ముందు కాఫీ పెట్టు," అన్నాను. గరిటె నా పక్కనుంచి ఎగిరి గోడకి తగిలింది. తాత మాత్రం నవ్వలేదు.

ఓటుకి పది రోజులుంది. ఆ పది రోజులూ మా తాత పరీక్షకి చదివాడు. తెల్లారగానే సంచి తీసేవాడు. వేళ్ళ కొసలు పనికిరాకపోతే వేలి పక్కలతో, అదీ కాకపోతే గోటితో గీకి, పెదవులు కదుపుతూ వెదికేవాడు. చేతుల్ని వేడినీళ్ళలో ముంచేవాడు, నూనె రాసేవాడు. పదికి అయిదు వచ్చేవి, ఆరు వచ్చేవి. ఒకరోజు ఎనిమిది వచ్చాయి, ఆ రోజు వీధంతా తిరిగొచ్చాడు.

"ఎనిమిదంటే మొదటి తరగతే!" అన్నాడు.

"రెండు తప్పంటే నేను ఇంట్లోనే ఉంటాను తాతా. చెప్పెయ్యరాదూ?"

"నీ ఓటే కదే. నీ ఓటుకి నా చెయ్యి తప్పుతుందా?"

ఆ మాట నమ్మాడు. నిజంగా నమ్మాడు. చేతికి మనవరాలెవరో తెలుస్తుందనుకున్నాడు.

ఆ రోజు నన్ను మెట్లమీద కూర్చోబెట్టారు. తలుపు వారగా ఉంది. ఒక్కొక్కరూ పెట్టె దగ్గరికి వెళ్తున్నారు. రొట్టెల బట్టీ తాత, పంపుల మెకానిక్కు, రిటైరైన కండక్టరు, గడియారం తాత, కార్యదర్శి. కార్యదర్శి పూర్వం పోస్టుమ్యాను, నిబంధనల పుస్తకాన్ని ఇప్పటికీ రిజిస్టరు ఉత్తరంలా రెండు చేతులా పట్టుకుంటాడు. అందరికీ పెద్దన్న కాబట్టి తాత చివర. అందరూ క్షణంలో వేసి వచ్చారు. తాత చెయ్యి గుడ్డలో దూర్చి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. మెడ వెనక చెమట నాకు కనపడుతోంది. "ఏంటన్నా, సొంత మనవరాలికి ఇంత ఆలోచనా?" అని కండక్టరు హాస్యమాడాడు. తాత చెయ్యి తీసేశాడు.

నన్ను లోపలికి పిలిచారు. కార్యదర్శి సొరుగు ఒంపాడు. పళ్ళెంలో అయిదు దొర్లాయి. ఒకటి దొర్లలేదు.

ఎవరూ నా మొహం చూడలేదు, పళ్ళెం వైపూ చూడలేదు. నలుగురూ గడియారం తాతవైపు తిరిగారు.

"పేరు పెట్టింది నువ్వే. పూస వేసిందీ నువ్వే," అన్నాడు రొట్టెల తాత. "పిల్లని పైకి పిలిచి మరీ అవమానిస్తావా? అన్న మీద కోపం ఉంటే అన్నతో తేల్చుకో."

గడియారం తాత చొక్కా జేబులో ఉండే చిన్న పట్టకారుని సరిచేసుకున్నాడు, అంతే. నేను నోరు తెరిచాను, అంతలో తాత మాట వినపడింది.

"నేనే వేశాను."

తాత పెట్టె పక్కనుంచి ముందుకొచ్చాడు.

"ఇవాళా నేనే, మొన్నటి రెండుసార్లూ నేనే. నా వేళ్ళకి తెలియట్లేదు. గుండ్రమేదో పలకేదో నాకు తెలియట్లేదురా. గ్రైండరు తినేసింది. తమ్ముడి తప్పేం లేదు."

నేననుకున్నాను, ఇప్పుడు అరుస్తారు, తిడతారు, నిబంధన తీసి బయటికి పొమ్మంటారు. ఏదైనా భరించొచ్చు. జరిగింది అది కాదు. పంపుల మెకానిక్కు వచ్చి తాత భుజమ్మీద చెయ్యేశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఎంత గొప్ప మనసన్నా నీది! ఇంత జరిగినా వాడి నింద నీ నెత్తిన వేసుకుంటున్నావే!"

"నింద కాదురా, నిజం!"

"అన్నంటే అలా ఉండాలి," అన్నాడు కండక్టరు ముక్కు చీదుకుంటూ.

"వెధవల్లారా, పూసలు తీసుకురండి! మీ ముందే ఏరతాను, చూడండి!"

కార్యదర్శి పుస్తకం మూశాడు. "ఓటు అయ్యాక పెట్టె తెరవకూడదన్నా. అయినా నువ్వు వేశానన్నది నేను వినలేదు. వింటే నీ సభ్యత్వం తీసెయ్యాలి. నేను వినలేదు." నిబంధనని అడ్డం పెట్టి తాతని కాపాడుతున్నాననుకున్నాడు పాపం.

"నిజమే చెబుతున్నాడు, నేను సూది గుచ్చి చూశాను," అని నేను అరిచాను. రొట్టెల తాత నా తల నిమిరాడు. తాతకి తగ్గ మనవరాలివన్నాడు.

గడియారం తాత ఒక్కడే తాత దగ్గరికి వచ్చాడు. తాత కుడిచెయ్యి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పాడైన గడియారం వెనక మూత చూసినట్టు ఒక్కో వేలూ చూశాడు. పట్టకారు మొనతో ఉంగరం వేలి కొస నొక్కాడు. బొట్టు రక్తం వచ్చింది. తాత ఆయన మొహంలోకే చూస్తున్నాడు, ఇంకా నొక్కలేదనుకుని.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు గడియారం తాత.

"నాకు తెలిసింది రెండు నెలల క్రితం."

"రెండు నెలలు." ఆయన చెయ్యి వదిలేశాడు. "తెలియక అన్నది వేరు. తెలిశాక రెండు నెలలు నా షాపు ముందునుంచే నడిచి వెళ్ళారు మీరు."

"తమ్ముడూ..."

"నాకది ఇరవై నిమిషాల పని. వచ్చి అడిగితే గుండ్రపూసలకి చిన్న గాటు పెట్టి ఇచ్చేవాణ్ణి. గోటికి తగిలేది."

ఆ మాటని ఆయన కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తాత బతికిపోయేవాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనకనుంచి కండక్టరు, "చూశావా, పౌరుషం!" అన్నాడు.

గడువు తీరింది. మూసే రోజున గడియారం తాత తప్ప మిగతా అయిదుగురూ కూర్చున్నారు. కార్యదర్శి ఉపన్యాసం చదివాడు. సంఘం చరిత్రలో మా తాతంత త్యాగమూర్తి లేడని, తోటివాడి తప్పుని తనదిగా మోశాడని రాసుకొచ్చాడు. తాత మధ్యలోనే లేచి వచ్చేశాడు. దానికీ చప్పట్లు కొట్టారు. ఎంత వినయమో చూడండన్నారట.

ఇప్పటికీ బస్టాపులో ఎవరైనా కనపడితే తాత వాళ్ళని ఆపి, "నేనే వేశానయ్యా," అని మొదలెడతాడు. వాళ్ళు తల ఊపి, జాలిగా నవ్వి బస్సెక్కుతారు. నిజం చెప్పి నమ్మించుకోలేని మనిషిని నేను మా తాతనే చూశాను. ఇంతకుముందు పేకాటలో మోసం చేసినప్పుడు మాత్రం అందరూ నమ్మేవారు.

గడియారం తాత షాపుకి మూడుసార్లు వెళ్ళాడు. మొదటిసారి ఆయన లేచి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ఏం పనండీ అని అడిగాడు. రెండోసారీ అంతే. మూడోసారి తాత తన చేతిగడియారం కావాలని ఆపేసి తీసుకెళ్ళాడు, బాగుచెయ్యమని. ఆయన కీ తిప్పి, "బాగానే ఉందండీ," అని తిరిగిచ్చేశాడు.

మొన్న మా వెనకింటి కుట్టుమాస్టరుగారి భార్య స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. మాస్టరుగారు పాత అలవాటుకొద్దీ మా ఇంటికే పరిగెత్తుకొచ్చారు. "బాబాయ్, ఒక చక్రాల కుర్చీ." తాత చొక్కా వేసుకున్నాడు, గుండీలు నేను పెట్టాను, ముగ్గురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాం. సామాన్ల గది కటకటాల తలుపుకి తాళం. లోపల మా పదకొండు కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి పడేసి ఉన్నాయి, నేను కుట్టిన నీలం గుడ్డలు దుమ్ముకొట్టుకుని. తాత కటకటాల్లోంచి చెయ్యి పెట్టి అందినంత మేర ఒక చక్రం తిప్పాడు. అది తిరిగింది.

వరుసలో గంట నిలబడ్డాక కిటికీ వచ్చింది. గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు.

"పేషెంటు వివరాలు రాయండి. కింద ఏదైనా రిజిస్టరైన సేవా సంఘం సిఫారసు సంతకం కావాలి. అది లేకుండా బయటికి ఇవ్వం."

"ఏ సంఘం?" అన్నాడు మాస్టరు.

"ఏదైనా సరే. ఊళ్ళో ఒకటుండాలిగా, సోదర సంఘమో ఏదో."

"అది లేదు," అన్నాడు తాత.

"లేదా? ఎప్పుడు తీసేశారు?"

తాత కిటికీ చెక్కమీద రెండు చేతులూ పరిచి పెట్టాడు.

"నాలుగు నెలలైంది. నేనే మూసేశాను."

గుమాస్తా తలెత్తి, తాతని పైనుంచి కిందిదాకా చూసి, నవ్వాడు. మంచివాడే. "మీరు మూసేశారా పెద్దాయనా! సరే సరే. కాస్త పక్కకి జరగండి, వెనక చాలామంది ఉన్నారు."